వెనుకంజ

మనిషి అడుగు రెండు వైపులకే పడుతుంది: ముందుకు, వెనుకకు. ముందుకు పడిన అడుగుకు లోకంలో ఉన్న గౌరవం వెనుకకు పడిన అడుగుకు లేదు. ఫలానావారి అబ్బాయి చదువులో ముందంజ వేశాడంటే సభలో చప్పట్లు మోగుతాయి. ఫలానాయన ఇచ్చిన మాటకు వెనుకంజ వేశాడంటే వినేవారు పెదవి విరుస్తారు. ‘వెనుకంజ’ అన్నది వినగానే పిరికితనమో, ఓటమో మనసులో మెదులుతుంది. పాపం, ఆ మాటకు పుట్టుకతో ఈ అపకీర్తి లేదు. దాని పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తే, దాని బంధువర్గమంతటిలో పెద్దమనుషులే ఎక్కువమంది కనిపిస్తారు.

తెలుగుదేశానికి వెలుపల తరాలుగా కాపురాలు చేస్తున్న మనకు ఈ విచారణ మరీ అవసరం. మనం ఇంట్లో ‘వెనుక’ అంటాము. గడప దాటగానే ‘హిందె’ అనో, ‘పిన్నాల్’ అనో, ‘మాగే’ అనో, ‘పఛ’ అనో వింటాము. ఈ మాటలన్నీ ఒకే దిక్కు చూపుతాయని మన నమ్మకం. చోటు విషయంలో ఆ నమ్మకం నిజమే. కాలం విషయంలో మాత్రం కాదు. ఆ సంగతి తెలియకపోతే ఏమవుతుందో ముందు ముందు చూద్దాము.

అంజ అంటే ఏమిటి?

వెనుకంజను విడదీస్తే వెనుక, అంజ అని రెండు మాటలు వస్తాయి. అంజ అంటే అడుగు. ముందు, అంజ కలిస్తే ముందంజ. వెనుక, అంజ కలిస్తే వెనుకంజ. సంధి సూత్రాలు వల్లించిన పిల్లవాడెవడైనా ఈ లెక్క ఇట్టే చెప్పగలడు.

చిత్రమేమిటంటే, ఈ అంజ అన్న మాట ఒంటరిగా ఈనాడు ఎవరి నోటా వినిపించదు. “నాలుగు అంజలు నడిచి రా” అని ఎవరూ అనరు. ఆ పని అంతా ‘అడుగు’ చేజిక్కించుకున్నది. పాత ఇల్లు కూలిపోయినా దాని రాతి స్తంభాలు రెండు వీధి అరుగుకు ఆనుకుని నిలిచినట్లు, అంజ అన్న పాతమాట ముందంజలోనూ వెనుకంజలోనూ మాత్రమే నిలిచింది.

కన్నడంలో ఇదే భావానికి ‘హిమ్మెట్టు’ అంటారు. అందులో ‘హిం’ అంటే వెనుక; ‘మెట్టు’ అంటే అడుగు మోపడం. మన ఇళ్ల మేడ మెట్లలో ఉన్నది ఆ మెట్టే. కాబట్టి బళ్లారి, కోలారు వైపు మనవాళ్లు కన్నడంలో ‘హిమ్మెట్టిద’ అన్నప్పుడూ, తెలుగులో ‘వెనుకంజ వేశాడు’ అన్నప్పుడూ ఒకే బొమ్మను రెండు రంగులలో గీస్తున్నారన్నమాట. తమిళంలో ‘పిన్‌వాంగు’ అంటారు. మరాఠీలో ‘మాఘార్ ఘేణే’ అంటారు. బరంపురం వైపు ఒడియా వాడుకలో ‘పఛఘుంచా’ ఉన్నది. ప్రతి భాషా వెనుక అడుగుకు ఒక ప్రత్యేకమైన మాట చేసి పెట్టుకున్నది. వెనుకకు నడవని జాతి ఏదీ లేదు గదా!

వెన్నులో పుట్టిన వెనుక

ఇక ‘వెనుక’ సంగతి. దీని తల్లివేరు ‘వెన్ను’. వెన్ను అంటే వీపు, వీపు నడుమ ఉన్న ఎముకల వరుస. వెన్ను ఎటు ఉంటే అది వెనుక. దిక్కులకు పేర్లు పెట్టక ముందే మనిషికి తన ఒళ్లు తెలుసును. అందుకే శరీరాన్ని కొలబద్దగా పెట్టుకుని చోటును కొలిచాడు. ఇంగ్లీషు ‘బ్యాక్’ కూడా ఇట్లాగే వీపునుంచి వెనుకకు నడిచిన మాట. యానాంలో 1954 దాకా ఫ్రెంచివారి దొరతనం సాగింది. ఫ్రెంచివారు వెనుకంజ వేయడాన్ని ‘రెక్యులే’ అంటారు. ఆ మాట పిరుదులకు వారు వాడే మాటనుంచి పుట్టింది. మన పూర్వులు ఒక జేన పైననే ఆగి, వెన్నును ఎంచుకున్నారు!

కన్నడంలో వెన్ను ‘బెన్ను’ అయింది. మాట మొదటి వకారం కన్నడంలో బకారం కావడం వాడుకే: మన విల్లు వారికి బిల్లు, మన వేరు వారికి బేరు, మన వల వారికి బలె. తమిళంలో వీపుకు ఇప్పుడు ‘ముదుగు’ అన్న మాటే వాడుకలో ఉన్నా, పాత తమిళంలో ‘వెరిన్’ అన్న మాట ఉండేది. అది తొల్కాప్పియంలో ఒక సంధి సూత్రానికి కూడా ఎక్కింది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుదురునుంచి వచ్చాయని 1816లో చెన్నపట్నంలో ఎల్లిస్ దొర చూపించాడు. 1961లో బరో, ఎమెనో పండితులు ఈ కుటుంబపు మాటలన్నీ ఒక్కచోట చేర్చి నిఘంటువుగా అచ్చు వేశారు. మన ఇంటి మాటకు పొరుగింటి మాటతో ఉన్న చుట్టరికం అటువంటి గ్రంథాలు తిరగేస్తే కళ్లకు కడుతుంది.

తమిళులు వెనుకకు ‘పిన్’ అంటారు. కన్నడంలో పాత పకారం హకారమైంది. పాలు హాలు అయినట్లు, పులి హులి అయినట్లు, ‘పిన్’ కాస్తా ‘హిన్’ అయి ‘హిందె’గా నిలిచింది. ఆ వంశం తెలుగులో లేకపోలేదు. పిదప, పిమ్మట అన్నవి ఆ ఇంటివే. కాని అవి మన భాషలో కాలానికే అంకితమైపోయాయి. “గుడి పిమ్మట చెరువు ఉన్నది” అని మనం అనము. “భోజనం పిమ్మట తాంబూలం” అంటాము. చోటు చెప్పే పని ‘వెనుక’కు వచ్చింది.

పల్లెల్లో చాలాచోట్ల ఈ మాటను ‘ఎనక’, ‘ఎనకాల’ అంటారు. తెలంగాణలో ‘ఎన్క’ అంటారు. బడికి వెళ్లే పిల్లలు ఇంట్లో అవ్వ నోట ఈ మాట విని నవ్వుతూ ఉంటారు. నవ్వవలసిన పనేమీ లేదు. ఇకారానికీ ఎకారానికీ ముందు వకారం జారిపోవడం ఆ పలుకుబడిలో ఒక పద్ధతి: విను అన్నది ఇను అవుతుంది, వెళ్లు ఎల్లు అవుతుంది, వేరు ఏరు అవుతుంది. పద్ధతి ప్రకారం నడిచేదాన్ని తప్పు అనకూడదు. అవ్వ మాటకు వ్యాకరణం లేదనుకునేవారు ఆ వ్యాకరణాన్ని చూడలేదన్నమాట.

వెనుక నిలిచేవారు

ఈ కుటుంబంలో అపకీర్తి పాలైనవి కొన్ని ఉన్నమాట నిజమే. వెన్ను చూపడం అంటే పారిపోవడం. వెన్నుపోటు అంటే ద్రోహం. వెనుకాడడం, వెనుదీయడం అంటే సంకోచించడం. కాని పక్కనే నిలబడ్డ ఈ మాటల్ని చూడండి. వెన్ను తట్టడం అంటే ధైర్యం చెప్పడం. వెన్ను కాయడం అంటే రక్షించడం. వెన్నుదన్ను అంటే ఆసరా. వెన్నంటి ఉండడం అంటే విడవకుండా తోడు ఉండడం. వెంట, వెంబడి, వెంటనే అన్నవి కూడా ఈ కుదురులోవే. కన్నడంలో సాయానికి ‘బెంబల’ అంటారు: వెన్నుకు బలమన్నమాట.

ఆడవారి వాడుకలో ఈ మాటకు మరొక చక్కని అర్థం ఉన్నది. “నాలుగు రాళ్లు వెనకేసుకో అమ్మా” అని అత్తగారు కోడలికి చెబుతుంది. ఖర్చు ముందు జరుగుతుంది, పొదుపు వెనుక చేరుతుంది. పోపుల డబ్బాలో దాచినదైనా, బ్యాంకులో దాచినదైనా వెనకేసిన డబ్బే. ఇంకొక సందర్భం: పిల్లవాడు అల్లరి చేస్తాడు, తండ్రి కోప్పడతాడు, తాతగారు అడ్డుపడతారు. “మీరు వాణ్ణి వెనకేసుకొస్తున్నారు” అని తండ్రి విసుక్కుంటాడు. అంటే పిల్లవాణ్ణి తన వీపు వెనుక దాచుకుని, తాను ముందు నిలబడడం! ఒక్క మాటలో ఒక నాటక రంగమంతా ఉన్నది.

వెనుకకు వేసే అడుగులలోనూ అన్నీ పారిపోయే అడుగులు కావు. గర్భగుడి ముందునుంచి కదిలేటప్పుడు పెద్దవారు దేవుడికి వీపు చూపకుండా నాలుగడుగులు వెనుకకు నడిచి, అప్పుడు తిరుగుతారు. అది భక్తితో వేసే వెనుకంజ. పొట్టేలు ఢీకొనేముందు వెనుకకు జరుగుతుంది. అది బలం కూడగట్టుకునే వెనుకంజ. బావిలో చేద తోడేవారు, పగ్గం లాగేవారు వెనుకకే మొగ్గుతారు. అది పని జరిపించే వెనుకంజ.

ఇక్కడ ఒక్క మాట నిదానించి ఆలోచించదగినది. రాజ్యాంగం 340వ అధికరణంలో చెప్పిన తరగతులను మనం తెలుగులో ‘వెనుకబడిన తరగతులు’ అంటున్నాము. 1953లో కాకా కాలేల్కర్ అధ్యక్షతన వేసిన సంఘం మొదలు ఈ పేరు ప్రభుత్వ కాగితాలలోనూ పత్రికలలోనూ స్థిరపడింది. వెనుకబడడం అనే క్రియలో ఎవరంతటవారే వెనుకకు పడినట్లు ధ్వని ఉన్నది. దారిలో ముళ్లు వేసినవారెవరో, తలుపు మూసినవారెవరో ఆ క్రియలో కనిపించరు. వెనుకబడడం వేరు, వెనుకకు నెట్టబడడం వేరు. పిల్లలకు ఈ మాట నేర్పేటప్పుడు ఆ తేడా కూడా చెప్పడం పెద్దల ధర్మం.

కాలానికి వెనుక ఎటు?

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వచ్చాము. చోటుకు వెనుక అంటే అందరికీ తెలుసు. కాలానికి వెనుక అంటే గడిచిపోయినదా, రాబోయేదా?

“వెనకటి రోజులే వేరు” అన్నప్పుడు వెనుక అంటే గతం. మన పెద్దలు సామెత కథ చెప్పేటప్పుడు “వెనకటికి ఒకడు...” అని ఎత్తుకుంటారు. అదీ గతమే. కాని “ముందు వచ్చిన చెవులకంటే వెనుక వచ్చిన కొమ్ములు వాడి” అన్న సామెతలో వెనుక అంటే తరువాత. “ఆ వెనుక ఏమి జరిగిందంటే” అన్నప్పుడూ తరువాతే. ముందు సంగతీ ఇంతే. “అంతకు ముందు” అంటే గతం, “ఇక ముందు” అంటే భవిష్యత్తు. ఒక్క తెలుగులోనే ఒకే మాట రెండు వైపులకూ చేతులు చాచి ఉన్నది.

ఇది భాష తికమక కాదు. కాలాన్ని చూడడానికి రెండు తీర్లున్నాయి. మొదటిది బాటసారి తీరు. మనం దారిన నడుస్తున్నాము. దాటి వచ్చిన ఊళ్లు వీపు వెనుక, చేరవలసిన ఊళ్లు కళ్ల ముందు. ఆ లెక్కన గతం వెనుక, భవిష్యత్తు ముందు. రెండవది ఊరేగింపు తీరు. మనం అరుగు మీద కూర్చున్నాము. వీధిలో ఊరేగింపు పోతున్నది. ముందు మేళం వచ్చింది, దాని వెనుక పల్లకి వచ్చింది. ఆ లెక్కన మొదట జరిగినది ముందు, తరువాత జరిగినది వెనుక. తెలుగువాడు సందర్భాన్ని బట్టి ఒకసారి బాటసారి అవుతాడు, ఒకసారి అరుగు మీద కూర్చుంటాడు.

మన పొరుగు భాషలు ఈ రెండింటిలో ఏదో ఒకవైపు ఎక్కువగా మొగ్గుతాయి. కన్నడం బాటసారి పక్షం: ‘హిందిన వార’ అంటే పోయిన వారం, ‘ముందిన వార’ అంటే వచ్చే వారం. మరాఠీ కూడా అంతే: ‘మాగచ్యా వర్షీ’ అంటే పోయిన ఏడు, ‘పుఢచ్యా వర్షీ’ అంటే వచ్చే ఏడు. తమిళం ఊరేగింపు పక్షం: ‘ముందిన వారం’ అంటే అంతకు ముందు గడిచిన వారం, ‘పిన్నాల్’ అంటే తరువాత, ‘పిఱ్కాలం’ అంటే తరువాతి కాలం. ఒడియాలో ‘ఆగ’ అంటే ముందు వైపు. ‘ఆగరు’ అంటే ఇదివరకు.

మళ్లీ ఒకసారి చదవండి. ‘ముందిన వార’ అని బెంగుళూరులో అంటే రాబోయే వారం; ‘ముందిన వారం’ అని హోసూరులో తమిళుడంటే గడిచిన వారం. రెండు ఊళ్ల నడుమ దూరం సుమారు 40 కిలోమీటర్లు. మాట ఒకటే, వేరు ఒకటే. అర్థం మాత్రం సరిహద్దు దాటగానే తలకిందులైపోయింది. ఆ రెండు ఊళ్లలోనూ మనవాళ్లున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడినా చుట్టూ ఉన్న భాష చెవిలో నిలుస్తుంది, నాలుకను తనవైపు లాగుతుంది.

ముహూర్తం ఎటు జరిగింది?

దీనివల్ల వచ్చే చిక్కు మాటల పండితులది మాత్రమే కాదు, పెళ్లివారిది కూడా. ఒక పెళ్లి అనుకుందాము. ఆడపెళ్లివారిది కోయంబత్తూరు, మగపెళ్లివారిది బళ్లారి. ఇరువురూ తెలుగువారే. ఆడపెళ్లివారు టెలిఫోనులో “బావగారూ, ముహూర్తం రెండు రోజులు ముందుకు జరిగింది, మన్నించాలి” అన్నారు. వారి ఉద్దేశం శుక్రవారం అనుకున్నది బుధవారానికే వచ్చిందని. బళ్లారివారి చెవికి కన్నడం అలవాటు. కన్నడంలో ‘ముందూడు’ అంటే ముందుకు తోయడం, అనగా వాయిదా వేయడం. మరాఠీలో కూడా ‘పుఢే ఢకలణే’ అంటే వాయిదా వేయడమే. కాబట్టి బళ్లారి బావగారు పెళ్లి ఆదివారానికి పోయిందనుకుని, “అలాగే కానివ్వండి” అన్నారు. ఇక చూడండి: అక్కడ మేళం, వంటవారు బుధవారం సిద్ధం, ఇక్కడ రైలు టిక్కెట్లు శనివారానికి!

‘వెనుకకు జరిగింది’ అన్నా ఇదే గండం. ఒకరికి అది తరువాతి తేదీ, ఇంకొకరికి మునుపటి తేదీ. తప్పు ఎవరిదీ కాదు. ఒకరు బాటసారిగా విన్నారు, ఒకరు అరుగు మీద కూర్చుని చెప్పారు.

అందువల్ల శుభకార్యాల విషయంలోనూ, ఆస్పత్రి తేదీలు, అప్పు గడువులు, రిజిస్ట్రేషను తేదీల విషయంలోనూ ముందుకు, వెనుకకు అన్న మాటలను నమ్ముకోవద్దు. “శుక్రవారం 14వ తేదీ కాదు, బుధవారం 12వ తేదీ” అని వారమూ తేదీ రెండూ చెప్పాలి. విన్నవారితో ఒకసారి అనిపించుకోవాలి. మాట అందం మాటదే. లెక్క దగ్గర మాత్రం అంకెకు మించిన సాక్షి లేదు.

సంస్కృతం తెచ్చిన వెనుకనడకలు

సంస్కృతంనుంచి మనం తెచ్చుకున్న మాటలను కూడా ఒకసారి విప్పి చూద్దాము. వాటిలో చాలావాటికి మొదట వెనుక అన్న అర్థమే లేదు.

పురోగమనానికి ఎదురుగా మనం తిరోగమనం అంటాము. ‘పురః’ అంటే ముందు, అంతవరకు సరే. ‘తిరః’ అన్నదానికి సంస్కృతంలో అడ్డం, మరుగు అన్న అర్థాలున్నాయి. తిరోధానం అంటే మాయం కావడం. సంస్కృత నాటకాలలో తెరను తిరస్కరిణి అంటారు. కాబట్టి తిరోగమనానికి మాటకు మాటగా అర్థం చెబితే ‘మరుగైపోవడం’ అని రావాలి. పురో, తిరో అని జంటగా పలకడానికి ఇంపుగా ఉండడం వల్ల, మన ‘తిరుగు’తో చెవికి చుట్టరికం కలవడం వల్ల కాబోలు, తెలుగులో అది వెనుకనడకకు స్థిరపడింది. కన్నడంలోనూ హిందీలోనూ ఇటువంటి చోట ‘ప్రతిగామి’ అంటారు.

విలోమం, ప్రతిలోమం అన్నవాటిలో ఉన్నది లోమం, అనగా ఒంటి వెంట్రుక. వెంట్రుక వాలు వెంట నిమిరితే అనులోమం, ఎదురు నిమిరితే ప్రతిలోమం. పిల్లిని నిమిరిన పిల్లలందరికీ ఈ తేడా తెలుసును! పదిహేడవ శతాబ్దిలో కాంచీపురం ప్రాంతంవాడైన వెంకటాధ్వరి ‘రాఘవయాదవీయం’ అని 30 శ్లోకాల కావ్యం వ్రాశాడు. శ్లోకాన్ని మొదటినుంచి చదివితే రామకథ, చివరినుంచి చదివితే కృష్ణకథ. అంత పాండిత్యం మనకు లేకపోయినా, తెనాలి రామలింగడి ‘వికటకవి’ బిరుదును ఎటునుంచి చదివినా ఒకటేనని మన పిల్లలకు తెలుసును. వారికి ఇంకొక మాట చెప్పండి: ‘మడమ’. వెనుకకు తిరగాలంటే మనం తిప్పేది దాన్నే. ఆ మాట కూడా ఎటునుంచి చదివినా మడమే!

మూడవది వక్రం. గ్రహం వక్రించిందని పంచాంగంలో చూసి చాలా ఇళ్లలో కంగారు పడతారు. వక్రం అంటే వంకర అని అర్థం. సూర్యసిద్ధాంతం గ్రహాల గతులను ఎనిమిదిగా విభజించి, వాటిలో వక్రగతిని ఒకటిగా చెప్పింది. నిజానికి ఏ గ్రహమూ ఆగి వెనుకకు నడవదు. సూర్యుడి చుట్టూ మన భూమి కుజుడికంటే వేగంగా తిరుగుతున్నది. దాదాపు 26 నెలలకు ఒకసారి కుజుణ్ణి దాటిపోతుంది. ఆ దాటే రోజులలో, సుమారు రెండు రెండున్నర నెలలపాటు, నక్షత్రాల నడుమ కుజుడు వెనుకకు పోతున్నట్లు కనిపిస్తాడు. ఎక్స్‌ప్రెస్ రైలు పక్క పట్టాల మీది ప్యాసింజరును దాటుతున్నప్పుడు, అది వెనుకకు జారుతున్నట్లు కిటికీలోనుంచి కనిపించదూ? ఇదీ అంతే. శని ప్రతి ఏటా సుమారు నాలుగున్నర నెలలు, గురుడు సుమారు నాలుగు నెలలు ఇట్లాగే వక్రిస్తారు. వెనుకబడినట్లు కనిపించేవారందరూ నిజంగా వెనుకకు నడవడం లేదని ఆకాశం కూడా చెబుతున్నది.

మళ్లీ అన్న మాటలోని మరలడం

చివరిగా, మనం రోజుకు పదిసార్లు అనే ‘మళ్లీ’. ఇది ‘మరలి’ అన్న మాట అరిగి వచ్చినది. మరలడం అంటే వెనుకకు తిరగడం. “మళ్లీ చెప్పు” అంటే, తిరిగి వచ్చి చెప్పు అని. ‘తిరిగి’ అన్నా అంతే. కన్నడంలో ‘మరళి’ అన్నా, తమిళంలో ‘తిరుంబ’ అన్నా, మరాఠీలో ‘పరత్’ అన్నా తిరిగి రావడమూ మరొకసారి చేయడమూ రెండూ ఒక్క మాటలోనే ఉన్నాయి. వెనుకకు తిరగడం లేకుండా మన భాషలలో ఏ పనీ రెండవసారి జరగదు!

అందుకే మనం సెలవు తీసుకునేటప్పుడు “వెళతాను” అనము. “వెళ్లొస్తాను” అంటాము. తమిళులూ ‘పోయిట్టు వరేన్’ అంటారు, కన్నడిగులూ ‘హోగి బర్తీని’ అంటారు. మరాఠీవారు వెళ్లడాన్ని పూర్తిగా వదిలేసి, ‘యేతో’ – వస్తాను – అని గడప దాటుతారు. పోవడం అన్న ప్రతి మాట వెనుకా రావడం అన్న మాట కట్టి పంపడం ఈ నేల మర్యాద.

మన పూర్వులు కూడా కొందరు అట్లాగే “వెళ్లొస్తాము” అని చెప్పి బయలుదేరి ఉంటారు. షోలాపురంలో మగ్గం వేసుకున్నవారు, బరంపురంలో, మధురలో, కోలారులో కాపురం పెట్టినవారు చాలామంది మరలి వెళ్లలేదు. ఉన్నచోటే వేళ్లు పాదుకున్నారు. ఆ ఊరి భాష నేర్చారు, ఆ ఊరి మంచిచెడ్డలు తమవి చేసుకున్నారు. అది వెనుకంజ కాదు. వారు వెనుక విడిచి వచ్చినది ఊరు. వెంట తెచ్చుకున్నది మాట. వెనుక, వెంట అన్నవి ఒకే వేరునుంచి పుట్టాయని పైన చెప్పుకున్నాము గదా!

ఆ వెంట తెచ్చుకున్నది ఇప్పుడు మన చేతుల్లో ఉన్నది. బండి వెనుకకు రావాలంటే పిల్లలు ‘రివర్స్’ అంటారు. అననివ్వండి, అదీ లోకంలో పనికివచ్చే మాటే. దానితోపాటు వెన్నుదన్ను ఏమిటో, వెనకేయడం ఏమిటో, వెనకటికి ఒకడు ఏమి చేశాడో వారికి చెప్పడానికి మాత్రం వెనుకాడవద్దు. ఈ పూట భోజనాల దగ్గర అవ్వగారిని అడగండి: వెన్నుతో, వెనుకతో మొదలయ్యే పలుకుబళ్లు ఆమెకు ఎన్ని వచ్చునో. పిల్లలచేత ఆ మాటలను ఆమె పలికినట్లే – ‘ఎనక’ అంటే ‘ఎనక’ అనే – ఒక నోటుబుక్కులో వ్రాయించండి. పక్కనే మీ ఊరి భాషలో దానికి ఏమంటారో కూడా వ్రాయించండి. వెన్నుకు బెన్ను, ముందుకు ముందె దొరుకుతాయి. అప్పుడు పొరుగు భాష పరాయిది కాదనీ, ఇంటి భాష తక్కువది కాదనీ ఎవరూ పాఠం చెప్పకుండానే పిల్లలకు తెలిసివస్తుంది.